ఆమదాలవలస స్టేషన్లో మనం దించుకున్న రచయిత

మన బడి పాత విద్యార్థుల సంచికకి "ఇంకా వ్యాసం ఇవ్వనివాళ్ళు" అని కమిటీ వాళ్ళు గ్రూపులో మూడోసారి లిస్టు పెట్టారు, అందులో నా పేరే ఫస్టు. బడి గురించి రెండు పేజీలు కావాలిట. వేపచెట్టు, గంట, సోషల్ మాస్టారి బెత్తం ఇవన్నీ ఎవరో ఒకరు రాసేసే ఉంటారు, నేను శ్రీకాకుళంలో కథల లైబ్రరీ కథానిలయం వాళ్ళ ఫిబ్రవరి సభ గురించి రాస్తా. పదో తరగతి లెక్కల్లో ఒక్క ముక్క గుర్తులేదు గానీ సభ ఉప్మాలోకి జీడిపప్పు ఎలా వచ్చిందో మాత్రం బాగా గుర్తుంది.

1997 ఫిబ్రవరి 22న కథానిలయం మొదలైనప్పుడు మనం ఎనిమిదో తరగతి. కథలు రాసే కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావుగారు, తనకొచ్చిన అవార్డు డబ్బులు, దాచుకున్న పుస్తకాలు అన్నీ దానికే ఇచ్చేశారని మన తెలుగు సారు సంధి మాస్టారు క్లాసులో చెప్తే "కథలకి ఇల్లేటి సార్" అని చివరి బెంచీలోంచి నవ్విందెవరో నేను చెప్పను, వాడిప్పుడు డీఎస్పీ. ఆ నవ్వుకి శిక్షే కథానిలయంలో ఆదివారాల డ్యూటీ. ఎవరెవరో ఎక్కడెక్కడి నుంచో పాత పత్రికలు పంపేవారు, గోనెసంచి కుట్టు విప్పితే భారతులు, యువలు, జ్యోతులు, ఆంధ్రపత్రిక వీక్లీలు. తుప్పు పట్టిన పిన్నులు పేజీ చిరక్కుండా బ్లేడుతో పీకాలి, వెండి పురుగుల్ని దులపాలి, నెలల వరసలో పేర్చాలి. నా కుడిచేతి బొటనవేలు మీద మచ్చ ఆ పిన్నుదే. మా ఆవిడ మాత్రం క్రికెట్ దెబ్బ అనుకుంటోంది, అలాగే అనుకోనీండి.

ఇంక అసలు సంగతి. మనం పదిలో ఉన్నప్పటి సభ, పబ్లిక్ పరీక్షలు నెత్తి మీద ఉన్నాయి. స్టేషన్ కెళ్ళి ఒక పెద్ద రచయితని తీసుకురమ్మని సంధి మాస్టారు నన్నూ, పంపునీ, కోడిగుడ్డునీ పంపించారు. ఫోటో లేదు, ఫోన్ లేదు. "ఖద్దరు లాల్చీ, భుజాన సంచి, లావు కళ్ళజోడు, చూడగానే తెలిసిపోద్దిరా" అన్నారు. మాస్టారు మర్చిపోయిందేటంటే పొందూరు ఖద్దరు నేసే మన జిల్లాలో యాభై దాటిన ప్రతి మగాడిదీ అదే వేషం. ఆ రచయిత రావాల్సింది విశాఖ వైపు నుంచి, మేం కాపు కాసింది పలాస వైపు నుంచి వచ్చే పాసింజరుకి, ఏ బండి ఎటునుంచి వస్తుందో తెలీని గుంటలం మరి. అందులోంచి దిగాడు ఒకాయన, లాల్చీ, సంచి, కళ్ళజోడు అన్నీ ఉన్నాయి. పంపుగాడు వెళ్ళి కాళ్ళకి దణ్ణం పెట్టేశాడు, కోడిగుడ్డు సంచి లాక్కున్నాడు. ఆయన కాసేపు మా మొహాలు చూసి, మాట్లాడకుండా వెనకాలే వచ్చేశాడు.

బస్సులో నేను ధైర్యం చేసి "మీరు రాసిన కథల్లో మీకు బాగా నచ్చింది ఏది సార్" అని అడిగా. "నాకు కథలేటొస్తాయి బాబూ" అన్నాడు. పంపుగాడు నా చెవిలో "చూశావా, పెద్ద రచయితలు ఇలాగే ఉంటార్రా" అన్నాడు. తర్వాత ఆయనే మమ్మల్ని వర్షాల గురించి, మా నాన్నల ఉద్యోగాల గురించి, జీడిపిక్క రేటు గురించి అడిగాడు. పిక్క రేటు దగ్గరైనా బుర్ర వెలగాలి కదా, వెలగలేదు.

తీరా వెళ్ళేసరికి అసలు రచయిత ముందే ఆటోలో వచ్చేసి వెనక వరసలో కూర్చుని టీ తాగుతున్నారు. మనం తెచ్చినాయన పలాస జీడిపప్పు వ్యాపారి, టౌన్లో పాత బాకీ వసూలుకి వచ్చాడుట. మరి ఎందుకొచ్చారండీ అంటే "ముగ్గురు పిల్లలు అంత మర్యాదగా సంచి పట్టుకుంటే కాదనలేకపోయాను" అన్నాడు. సంధి మాస్టారు మావైపు చూసిన చూపు ఇప్పటికీ అప్పుడప్పుడు కల్లోకొస్తుంది. కానీ ఒక్క మాట అనలేదు, ఆయన్ని తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆయన సాయంత్రం దాకా కదల్లేదు, బాకీ ఏమైందో మాకు తెలీదు. మరుసటేడు సభకి వారం ముందు బస్సు పార్శిల్లో ఒక డబ్బా వచ్చింది, పేరు లేదు, నిండా గుండు జీడిపప్పు. ఉప్మా జీడిపప్పు కథ అదీ.

తర్వాత ఇంటరు, డిగ్రీ, హైదరాబాదు, ఒక ఫెయిలైన వ్యాపారం, ఒక పెళ్ళి, అవి ఎవరికీ అక్కర్లేదు. ఇప్పుడు జీడిమెట్లలో నాకో ప్యాకింగ్ యూనిట్ ఉంది, ముప్ఫై రెండు మంది పనిచేస్తారు, అప్పుల్లేవు. స్టోర్లో ఏ డబ్బా ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్తానని మావాళ్ళు అంటారు, వెయ్యి పత్రికలు నెలల వరసలో పేర్చినవాడికి అదో లెక్కా. చెప్పుకోకూడదు గానీ ఫిబ్రవరిలో టీల ఖర్చు కొన్నేళ్ళుగా నాదే.

సభలో దండలు, శాలువాలు రాసినవాళ్ళకి పడతాయి, పడాలి కూడా. నేను దణ్ణం పెట్టుకునేది ఇంకోళ్ళకి. కుర్చీలకి అద్దె తీసుకోకుండా విరిగినవాటికి మాత్రం లెక్క రాసుకున్న టెంటు హౌసాయనకి. ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళకి తమ మంచాలిచ్చేసి పిల్లల్తో సహా వంటింట్లో పడుకున్న మాస్టార్ల ఇళ్ళల్లో అమ్మలకి, తెల్లారి నాలుక్కే లేచి పాతిక మందికి వేణ్ణీళ్ళు కాచింది వాళ్ళే. ఆహ్వానాలు అప్పుమీద అచ్చేసి, అందులో అచ్చుతప్పు పడితే రాత్రంతా కూర్చుని చేత్తో దిద్దిన ప్రెస్సు బాబాయికి. వాళ్ళలో సగం మంది ఒక్క కథ కూడా చదివి ఉండరు. సంధి మాస్టారికి విడిగా చెప్పను, చెప్తే "ముందు ఆ వాక్యంలో సంధి విడదియ్యి" అంటారు.

కమిటీ వాళ్ళకి ఒక మాట. మొన్న గ్రూపులో పెట్టిన పాత ఫోటోలో ఎడమ చివర లాల్చీతో నిలబడ్డాయన ఎవరని ఇద్దరు ముగ్గురు అడిగారు, ఎవరో "ప్రముఖ రచయిత" అని కింద రాసేశారు. సంచికలో వేసేటప్పుడు అది మార్చకండి.