టైరు మీద ఆ చివరి అంకె: కారు టైర్లు మార్చుకున్న నా అనుభవం

మా కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కొనేటప్పుడు టైర్లు చూశాను గానీ, గాడులు లోతుగా ఉన్నాయా లేదా అన్నంత వరకే. ఉన్నాయి, సంతోషించాను. వాటి మీద ఏం రాసి ఉందో చదవాలన్న ఆలోచనే రాలేదు.

రెండేళ్లు గడిచాయి. ఒకరోజు కారు కడుగుతుంటే ముందు టైరు గాడిలో అడ్డంగా ఉండే చిన్న దిమ్మ వేలికి విడిగా తగల్లేదు. గాడుల అడుగున అక్కడక్కడా ఆ దిమ్మలు ఉంటాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. చుట్టూ ఉన్న రబ్బరు అరిగి వాటితో సమానమైందంటే ఇక ఆ టైరు మార్చేయాల్సిందే. వెనక టైర్లు కూడా దాదాపు అదే స్థితిలో ఉన్నాయి. సరే, ఎలాగూ మార్చాలి కదా అని సైజు రాసుకోవడానికి కూర్చున్నాను.

తడిగుడ్డతో టైరు పక్కభాగం తుడిచి, ఫోన్ టార్చి వేసి చదివాను. 195/55 ఆర్ 15, పక్కన కాస్త చిన్న అక్షరాల్లో 85 వి. తర్వాత డ్రైవర్ డోరు తెరిచి, లోపలి అంచున కంపెనీ అంటించిన స్టిక్కర్ చూశాను. అందులో 185/65 ఆర్ 15 88 హెచ్ అని ఉంది. నేనే తప్పు చదివానేమో అనుకుని మళ్లీ వెళ్లి చూశాను. తప్పేం లేదు, రెండూ వేరు. అప్పుడు డిక్కీ తెరిచి స్టెప్నీ బయటికి తీశాను. అది ఒక్కసారి కూడా వాడినట్టు లేదు, కొత్త టైరు మీద ఉండే సన్నటి రబ్బరు వెంట్రుకలు ఇంకా అలాగే ఉన్నాయి. దాని మీద 185/65 ఆర్ 15 88 హెచ్. అంటే కారుతో వచ్చిన అసలు సైజు అదే. పాత ఓనరు నాలుగు చక్రాలకీ వేరే సైజు వేయించి మాకు అమ్మారన్నమాట.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేసుకున్నాను. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. గీత తర్వాతది ఆ వెడల్పులో టైరు పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. ఆర్ అంటే రేడియల్ అనే తయారీ రకం, 15 అంటే రిమ్ము అడ్డకొలత అంగుళాల్లో. ఈ లెక్కన అసలు టైరు పక్కగోడ 120 మిల్లీమీటర్లు, మా కారుకి ఉన్నది 107. రిమ్ము 381 మిల్లీమీటర్లు, దానికి పైన ఒకటీ కింద ఒకటీ పక్కగోడలు కలిపితే అసలు చక్రం 621, మాది 595. నాలుగు శాతం పైచిలుకు చిన్న చక్రం. చక్రం చిన్నదైతే అదే దూరానికి ఎక్కువసార్లు తిరుగుతుంది, మీటరేమో తిరిగిన చుట్లనే లెక్కపెడుతుంది. అంటే మీటరు 100 చూపిస్తుంటే టైర్ల వల్లే అసలు వేగం దాదాపు 96. ఈ రెండేళ్లూ కిలోమీటర్లు కూడా ఎక్కువే నమోదయ్యాయి.

"గుంటలో పడ్డప్పుడల్లా నడుం పట్టేస్తోందిరా" అని నాన్న అంటూనే ఉన్నారు. సస్పెన్షన్ పోయిందేమో అనుకుని మెకానిక్‌కి కూడా చూపించాను. పక్కగోడ 13 మిల్లీమీటర్లు తగ్గితే రోడ్డు దెబ్బని మింగే గాలి మెత్తదనం ఆ మేరకు తగ్గుతుంది. అది తెలిశాక నాన్న మాటని ఇన్నాళ్లూ పట్టించుకోనందుకు చాలా బాధేసింది.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది మాత్రం చివరి అంకె. 88 అంటే 88 కిలోలు కాదు. అదొక పట్టికలో వరస సంఖ్య. ఆ పట్టికలో 88కి ఎదురుగా 560 కిలోలు, 85కి 515. ఒక్కో టైరు గరిష్ఠంగా మోయగల బరువు అది. అంటే టైరుకి 45 చొప్పున నాలుగింటికీ 180 కిలోలు తగ్గించుకుని తిరుగుతున్నాం. ఊరెళ్లినప్పుడల్లా ఐదుగురం, డిక్కీ నిండా సామాను, ఎండాకాలం హైవే. ఆలోచిస్తే నిద్ర పట్టలేదు.

మర్నాడు మొదటి షాపుకి వెళ్లి స్టిక్కర్ ఫోటో చూపించాను. ఆ సైజు స్టాకు లేదన్నాడు. "185/60 వేసుకోండి, ఒక్క నంబరే కదండీ తేడా, ఇదే రిమ్ముకి సరిగ్గా కూర్చుంటుంది" అన్నాడు. టైరు తిప్పి చూస్తే 84 హెచ్ అని ఉంది. 84 అంటే 500 కిలోలు, ఉన్నదానికంటే ఇంకా తక్కువ. అదే చెప్పాను.

"నాలుగు టైర్లు కలిపితే రెండు టన్నులండీ. మీ కారు జనంతో సామానుతో కలిపి టన్నున్నర ఉంటుందేమో. ఇంక టెన్షన్ ఎందుకు?"

కూడికలో తప్పేం లేదు, అందుకే కాసేపు నాకూ జవాబు దొరకలేదు. కానీ కారు బరువు నాలుగు చక్రాల మీదా సమానంగా పడదు. వెనక ముగ్గురు కూర్చుని డిక్కీ నింపితే వెనక చక్రాల మీద ఎక్కువ. గట్టిగా బ్రేకు వేస్తే బరువంతా ముందుకి తూగుతుంది, మలుపులో బయటివైపు టైర్ల మీదికి ఒరుగుతుంది. పైగా ఆ 500 అన్నది గాలి నిండుగా ఉన్నప్పటి మాట. గాలి తగ్గితే టైరు మోయగల బరువూ తగ్గుతుంది, పక్కగోడ ఎక్కువగా నలిగి వేడెక్కుతుంది. తక్కువ గాలి, ఎక్కువ బరువు, వేగం మూడూ కలిస్తే టైరు పేలడానికి అంతకన్నా ఏం కావాలి? ఇవన్నీ ఆలోచించే కంపెనీ 88 అని నిర్ణయించి ఉంటుంది. ఆ మిగులుని షాపులో స్టాకు లేదని నేను వదులుకోవడం ఏమిటనిపించింది. అదే ఆయనతో చెప్పి వచ్చేశాను.

రెండో చోట మా సైజులోనే రెండు రకాలు దొరికాయి. ఒకటి 88 హెచ్, ఇంకోటి 92 టి, పక్కన ఎక్స్ఎల్ అని ఉంది. "ఇది 630 కిలోలు మోస్తుంది, ఇంకా గట్టిది" అని రెండోదాన్ని ముందుకి తోశారు. ఎక్స్ఎల్ అంటే ఎక్కువ బరువుకి లోపల బలపరిచిన టైరు. అయితే ఆ పూర్తి బరువు మోయాలంటే గాలి కూడా మామూలు టైరుకన్నా ఎక్కువ పెట్టాలి. పైగా చివరి అక్షరం టైరు తట్టుకునే గరిష్ఠ వేగాన్ని చెబుతుంది. టి అంటే గంటకి 190 కిలోమీటర్లు, హెచ్ అంటే 210. నేనెప్పుడూ ఆ వేగాల దగ్గరికి కూడా వెళ్లను. అయినా స్టిక్కర్‌లో ఉన్నదానికంటే అంకెలో గానీ అక్షరంలో గానీ కిందికి దిగకూడదని అనుకుని వచ్చాను. 88 హెచ్ తీసుకున్నాను.

బిగించేలోపు తయారీ తేదీలు చూశాను. టైరు పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. టైరుకి ఒకవైపే పూర్తి వరస ఉంటుంది కాబట్టి నాలుగింటినీ దొర్లించి రెండు వైపులా వెతకాల్సి వచ్చింది. మూడు ఒకే నెలవి, ఒకటి రెండేళ్లు పాతది. మార్చమంటే మారు మాట్లాడకుండా లోపలి నుంచి ఇంకోటి తెచ్చారు. మా స్టెప్నీ మీద 4614 అని ఉంది, అంటే 2014లో 46వ వారం. నేల మీద ఒక్క కిలోమీటరు దొర్లకపోయినా రబ్బరు వయసు ఆగదు. పక్కగోడ మీద వెంట్రుకవాసి పగుళ్లు టార్చి వెలుగులో స్పష్టంగా కనిపించాయి. మనసు కష్టంగానే ఉన్నా దాన్ని కూడా మార్పించి ఐదు టైర్లు కొన్నాను.

గాలి ఎక్కే వాల్వులు కొత్తవి వేయించాను, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అక్కడే అయిపోయాయి. గాలి మాత్రం అన్నిటికీ ఒకేలా 40 కొట్టి పంపారు. మర్నాడు పొద్దున కారు తీయకముందే, టైర్లు చల్లగా ఉండగా గేజి పెట్టి చూసి, స్టిక్కర్‌లో నిండు బరువుకి రాసినట్టు ముందు 33, వెనక 36 పీఎస్ఐకి దించాను. వంద కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు మళ్లీ బిగించి చూస్తే ఒకటి పావు చుట్టు తిరిగింది.

మొన్న నాన్నని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని అదే గుంటల రోడ్డు మీద వెళ్లాను. సగం దారిలో, "సస్పెన్షన్ మార్పించావేంట్రా?" అని అడిగారు.