ఏ దాత రక్తమూ సరిపడని రోగులు

అమెరికాలోని అలబామా రాష్ట్రం, బర్మింగ్‌హామ్ నగరంలో ఒక ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో నాది రాత్రి షిఫ్టు. విశాఖపట్నంలో ఇదే పని చేసిన రోజుల్లో గ్రూపు, ఆర్‌హెచ్ చూసి, దాత రక్తాన్ని రోగి రక్తంతో కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ కుదిరితే రక్తం సంచిని వార్డుకు పంపేసేవాళ్లం. ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బైన సికిల్ సెల్ ఉన్న ఇక్కడి రోగులకు అది చాలదు. ఆ వ్యాధి ఎక్కువగా ఉన్నది నల్లజాతివారిలో; రక్తదాతల్లో అత్యధికులు తెల్లవారు. ఎర్రకణాల పైపొర మీది యాంటిజెన్లు, అంటే ఒంటికి తన కణమో పరాయిదో తెలిపే గుర్తులు, ఈ ఇద్దరిలో చాలాసార్లు కలవవు కనుక, చిన్ననాటి నుంచి రక్తం ఎక్కించుకుంటున్న రోగి ఒంట్లో ఆ పరాయి గుర్తుల మీద దాడిచేసే యాంటీబాడీలు ఒకదాని తరువాత ఒకటిగా పోగుపడతాయి. సి, ఇ, కెల్ యాంటిజెన్లు లేని యూనిట్లనే ఏరి ఇస్తున్నా, కొందరికి ఫ్రిజ్‌లో ఉన్న ఏ సంచీ సరిపడని రోజు వస్తుంది. అప్పుడు వేరే రాష్ట్రంలో అతిశీతలంలో ఘనీభవింపజేసి దాచిన అరుదైన యూనిట్ కోసం ఫోన్లు చేస్తూ, మధ్యలో "ఇంకా ఎంతసేపు?" అని అడిగే డాక్టరుకు జవాబు చెప్పుకుంటూ తెల్లవారుతుంది.

2022 జనవరిలో అమెరికన్ రెడ్‌క్రాస్ తన చరిత్రలోనే తొలిసారిగా జాతీయ రక్త సంక్షోభాన్ని ప్రకటించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మేరీలాండ్‌లో డేవిడ్ బెనెట్ అనే రోగికి జన్యువులు మార్చిన పంది గుండెను అమర్చారు. మా అత్తయ్య ఫోన్ చేసి, "ఏమ్మా, మీ దగ్గర పంది గుండె పెట్టారట కదా, నువ్వేమైనా ముట్టుకున్నావా?" అని అడిగింది. ఆవిడ లెక్కలో అమెరికా అంతా ఒకే ఊరు. అందరూ గుండె గురించీ కిడ్నీ గురించీ మాట్లాడుకుంటుంటే, నా ధ్యాస మాత్రం పంది రక్తం మీదకు పోయింది.

పంది రక్తాన్ని మనిషికి ఎక్కించడం కొత్త ఆలోచనేమీ కాదు. కొంతకాలం మా నగరంలోనే పనిచేసిన అవయవ మార్పిడి పరిశోధకుడు డేవిడ్ కూపర్ దీని గురించి ఏళ్లుగా రాస్తున్నారు. పంది ఎర్రకణం పరిమాణంలో మనిషి కణానికి దగ్గరగా ఉంటుంది. దానిలో కేంద్రకం ఉండదు కనుక, పంది డీఎన్ఏలో దాగి ఉండే వైరస్‌ల భయం అవయవాలతో పోలిస్తే చాలా తక్కువ. అడ్డల్లా ఆ కణం మీది మూడు రకాల చక్కెర అణువులే. వాటిలో ముఖ్యమైన ఆల్ఫా-గాల్ మన పేగుల్లోని సూక్ష్మజీవుల మీద కూడా ఉండటం వల్ల, పసితనం నుంచే మన రక్తంలో దానిపై యాంటీబాడీలు సిద్ధంగా ఉంటాయి. ఆ మూడింటినీ తయారుచేసే జన్యువులను తొలగించిన పందుల కణాలను పరీక్షనాళికలో మనుషుల సీరమ్‌తో (రక్తంలో యాంటీబాడీలుండే ద్రవంతో) కలిపి చూసినప్పుడు, చాలామందిలో ప్రతిచర్య నామమాత్రంగానే కనిపించింది. కోతులకు ఎక్కించినప్పుడు మాత్రం కణాలు ఎక్కువ కాలం నిలవలేదు. అయితే ఆ మూడు చక్కెరల్లో ఒకటి కోతుల ఒంట్లో సహజంగానే ఉంటుంది, మనుషుల్లో ఉండదు. దాన్ని తొలగించిన కణం కోతి ఒంటికి పరాయిదిగా కనిపించవచ్చు. అందువల్ల కోతి ఫలితాన్ని మనిషికి యథాతథంగా వర్తింపజేయలేం.

దీనితో రక్తం కొరత తీరిపోతుందనే మాటను నేను నమ్మను. వ్యాధులు సోకకుండా ప్రత్యేక గదుల్లో పెంచిన పంది కంటే, కుర్చీలో కూర్చుని చేయి చాచే దాత ఎప్పుడూ చౌకే. ఏ మనిషి రక్తమూ సరిపడని ఆ కొద్దిమందికే ఇది అవసరం. అక్కడ కూడా ఒక చిక్కుంది. సికిల్ సెల్ రోగుల్లో కిడ్నీలు దెబ్బతినేవారు చాలామంది. పంది కణాలు ఎక్కించుకుని ఒంట్లో కొత్త యాంటీబాడీలు తెచ్చుకుంటే, రేపు పంది కిడ్నీ పెట్టించుకునే దారి మూసుకుపోవచ్చు.

నాతో పాటు పనిచేసే ఒక నల్లజాతి పెద్దావిడ సొంత ఊరు టస్కీగీ దగ్గర. 1932 నుంచి 1972 వరకు ప్రభుత్వ వైద్యులు సిఫిలిస్ సోకిన నల్లజాతి పురుషులకు సంగతి చెప్పకుండా, మందు ఇవ్వకుండా, జబ్బు ఎలా ముదురుతుందో గమనించిన ప్రాంతం అది. పంది రక్తం ముందుగా అవసరమయ్యేది ఆవిడ మనుషులకే. ఆ మాటే ఆవిడతో అంటే, కంప్యూటరు మీద నుంచి చూపు తిప్పకుండానే, "మొదటి రోగి చేత సంతకం పెట్టించే కాగితం ముందు నేను చదవాలి" అంది.