జింకలకు మడి అక్కడ, జింకల నుంచి కాపలా ఇక్కడ

మక్తల్, మాగనూరు, కృష్ణ మండలాల్లో వానకాలం పంట మొలకెత్తితే చాలు, కృష్ణజింకలు మందలు మందలుగా చేన్లలోకి దిగుతాయి. రెండాకుల మీదున్న పత్తిని, కందిని కొసదాకా కొరికేస్తే రైతు మళ్లీ విత్తనం కొనాల్సిందే. అదే ఇంటి మనవడో మనవరాలో వర్జీనియాలోనో జార్జియాలోనో స్నేహితుల పొలంలో జింకల కోసమే విత్తనం చల్లుతుంటారు. అక్కడ దాన్ని ఫుడ్ ప్లాట్ అంటారు. ఫోన్లో ఈ సంగతి విని తాత "జింకల కోసం పంట ఏసుడేంది బిడ్డా?" అని అడిగితే నవ్వి దాటేయకండి. పిల్లలనే జవాబు చెప్పనివ్వండి. జింక ఏ మొక్కను ఏ ఈడులో కొరుకుతుందో, ఏ పొద్దున దిగుతుందో కాపలా కాసినవాళ్లకు తెలిసినంతగా విత్తనాల కొట్టువాళ్లకు తెలియదు. ఆ పిల్లలకు తాత పాఠం అక్కరకొస్తుంది.

ముందు దాచకుండా చెప్పాల్సిన మాట ఒకటుంది. అమెరికాలో ఈ మళ్లు ఎక్కువగా వేసేది వేటగాళ్లు. లైసెన్సు తీసుకుని, సీజన్‌లో తెల్లతోక జింకను వేటాడటం అక్కడ చట్టబద్ధం. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింక వేట నేరం. కృష్ణజింక ఆ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. దాన్ని చంపితే మూడేళ్లకు తక్కువ కాకుండా జైలు. రెండు దేశాల్లో రెండు న్యాయాలు ఎందుకని పిల్లలు తప్పకుండా అడుగుతారు. తోడేళ్లు, కొండసింహాలు (ప్యూమాలు) పోయిన చోట జింకలు విపరీతంగా పెరిగి అడవి మొలకలనే తినేస్తాయని, వేటతో వాటి సంఖ్యను అదుపులో ఉంచుతారని అక్కడి లెక్క చెప్పండి. మన నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో, ఆ పని పులి, చిరుత చేస్తాయి. మీ ఇంట్లో వేట వద్దనుకుంటే ఆ మాట కూడా సూటిగా చెప్పండి. చూడటానికి, ఫొటోలు తీయడానికి మడి వేసేవాళ్లూ ఉన్నారు.

ఇక విత్తనం. అక్కడ ఎండాకాలం మడికి పేరున్నవి కౌపీ, ల్యాబ్‌ల్యాబ్. కౌపీ అంటే మన బొబ్బర్లు, ల్యాబ్‌ల్యాబ్ అంటే అనపగింజలు. రెంటినీ జొన్నతో కలిపి, తీగ జొన్నదంటుకు పాకేలా వేస్తారు. మెట్ట సేద్యం చేసిన తాతకు ఇది కొత్తేమీ కాదు. చిక్కల్లా మడి సైజుతోనే. ఎకరం కంటే చిన్న మడిలో బొబ్బర్లు వేస్తే, మూడాకులు రాకముందే జింకలు మొదలంటా తినేస్తాయి. బొబ్బరి మొక్కకు కొస తెగితే తేరుకునే బలం ఆ ఈడులో ఉండదు. పత్తి మొలకకు పాలమూరులో జరిగేదీ ఇదే.

అందుకే పిల్లలు మొదలుపెట్టే పది గుంటల మడికి, అంటే పావు ఎకరానికి, చలికాలం పంటే మేలు. గోధుమ 14 పౌండ్లు, క్రిమ్సన్ క్లోవర్ (ఎర్రపూల పశుగ్రాసపు మొక్క) 3 నుంచి 4 పౌండ్లు సరిపోతాయి. వర్జీనియా, నార్త్ కరోలినా వైపు సెప్టెంబర్‌లో, వాన సూచన చూసుకుని చల్లాలి. గోధుమను మేసినా మొదట్నుంచి మళ్లీ ఆకు వేస్తుంది. క్లోవర్ వసంతంలో అందుకుంటుంది.

దున్నే ముందు నేల పరీక్ష తప్పదు. రాష్ట్ర విశ్వవిద్యాలయం వాళ్ల ఎక్స్‌టెన్షన్ ఆఫీసు, అంటే రైతులకు సలహాలిచ్చే ఆఫీసు, కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) ఉంటుంది, మట్టి అక్కడ ఇవ్వొచ్చు. ఆ ప్రాంతపు ఎర్రమట్టి చూడ్డానికి మన చల్కలాగే ఉంటుంది, కానీ పులుపు ఎక్కువ. పులుపును కొలిచే పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6 దాటకపోతే క్లోవర్ పసుపుబారి ఆగిపోతుంది. సున్నం వేయాలి. అది మట్టిలో పనిచేయడానికి నెలలు పడుతుంది కాబట్టి వసంతంలోనే వేసుకోవాలి. మన రేగడికి సున్నం వేసే పనే ఉండదు గనుక ఈ సంగతి తాతకు పిల్లలే చెప్పొచ్చు.

రెండు విత్తనాలూ కలిపి ఒకేసారి చల్లడం ఎక్కువమంది చేసే పొరపాటు. గోధుమ అంగుళం లోతులో పడాలి, క్లోవర్‌కు పావు అంగుళం దాటకూడదు. ముందు గోధుమ చల్లి, గుంటుక తోలినట్టు పైపైన కదిపి, రోలర్‌తో అణచాలి. ఆ మీద క్లోవర్ చల్లి మళ్లీ అణచాలి. బూటుతో నడిస్తే అడుగు అర అంగుళం కంటే లోతు దిగిందంటే నేల ఇంకా గుల్లగా ఉన్నట్టే, ఇంకోసారి అణచండి. క్లోవర్ గింజ సన్నం. నువ్వులకు చేసినట్టు పొడి ఇసుకలో కలిపి, సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లితే గుంపులు కట్టదు. వేరుబుడిపెల బ్యాక్టీరియా పొడిని గింజకు నీడలో పట్టించి అదే రోజు చల్లాలి. క్లోవర్‌కు కొన్న పొడి బొబ్బర్లకు పనిచేయదు. ముందే పూత పూసిన విత్తనమైతే ఈ పని ఉండదు.

చల్లిన రోజే మడి మధ్యలో ఒక జాలీ గుండ్రం నిలబెట్టాలి. పిల్లలకు ఇంతకంటే మంచి పని మరొకటి లేదు. నాలుగడుగుల ఎత్తున్న వెల్డ్ మెష్ పన్నెండు అడుగులు కత్తిరించి చుట్టి కడితే దాదాపు నాలుగడుగుల వెడల్పు గుండ్రం అవుతుంది. రెండు గూటాలకు గట్టిగా బిగించండి, లేదంటే జింకలు మూతితో తోసి పడేస్తాయి. వారానికోసారి లోపలి మొక్క ఎత్తు, బయటి మొక్క ఎత్తు స్కేలుతో కొలిచి రాయించండి. లోపల మోకాలెత్తు, బయట బెత్తెడు ఉంటే మేస్తున్నట్టు. రెండు చోట్లా బెత్తెడే ఉంటే జింక తప్పు కాదు, నేలది. జాలీ లేనివాళ్లు విత్తనం మొలవలేదనుకుని మళ్లీ విత్తనం కొంటారు, నిజానికి మొలిచింది మొలిచినట్టే మేసేసి ఉంటాయి. పిల్లలు సెలవులకు ఊరొచ్చినప్పుడు కంది చేను అంచున ఇదే జాలీ పాతితే, జింకలు ఎంత తిన్నాయో చూపడానికి లోపలా బయటా తీసిన ఫొటోలు తాత చేతిలో ఉంటాయి.

జింకల కోసం మక్కలు కుప్పపోయడం మాత్రం వద్దు. చాలా రాష్ట్రాల్లో అలా ఎర వేయడం మీద నిషేధమో ఆంక్షలో ఉన్నాయి. ఒకే చోట మూతులు పెట్టి తింటే జబ్బులు పాకుతాయి. చలికాలంలో ఆకు, కొమ్మ తింటున్న జింక ఒక్కసారిగా మక్కలు మెక్కితే కడుపులో ఆమ్లం పెరిగి చావొచ్చు. రోడ్డు పక్కన మడీ వద్దు.

జూన్, జూలై సెలవులు సరిగ్గా వానకాలం విత్తే సమయం. పిల్లల్ని చేనుకు తీసుకెళ్లి మంచె ఎక్కించండి. చేను చుట్టూ పాత చీరలు ఎందుకు కడతారో, పొద్దు పొడిచే ముందు ఎందుకు మేలుకుంటారో వాళ్లనే అడగనివ్వండి. కృష్ణజింక బయలు నేలల్లో గడ్డి మేసే జంతువు, దాని కొమ్ములు రాలవు. తెల్లతోక జింక అడవి అంచున తిరుగుతుంది, కొమ్ములు ఏటా రాలిపోతాయి. కాబట్టి తాత చెప్పిన దారి, దూరం లెక్కలు అక్కడ పూర్తిగా కుదరవు. మొలక ఈడు లెక్క మాత్రం కుదురుతుంది.

తిరుగు ప్రయాణంలో అనపగింజలు సంచిలో వేసి పంపుతామంటే వద్దని చెప్పండి. నాటే విత్తనానికి తెగుళ్లు, పురుగులు లేవని చెప్పే ఫైటోశానిటరీ పత్రం లేకుండా అమెరికా కస్టమ్స్ ఒప్పుకోదు. చేలో తిరిగామని కస్టమ్స్ వాళ్లకు చెప్పాలి, బూట్ల మట్టి ఊర్లోనే కడగాలి. అక్కడ మడిలో పనిచేసి వచ్చిన రోజు బట్టలు డ్రైయర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పి, మోకాలి వెనక, చెవుల వెనక, తల వెంట్రుకల మొదట్లో గోమార్లు పట్టాయేమో వెతకండి. లైమ్ అనే జబ్బును మోసేవి అవే.