బోరు నీళ్లు, పాతిక చుక్కలు

కిందటేడు ఆగస్టులో పైపులైను రిపేరంటూ హైదరాబాద్ నిజాంపేటలోని మా వీధికి నాలుగు రోజులు నల్లా బందయింది. మూడో రోజు అమ్మ బోరు నీళ్లతోనే కందిపప్పు పెట్టింది. ఆరు విజిల్స్ వచ్చాక మూత తీస్తే గింజలు గింజల్లాగే అడుగున ఉన్నాయి, పైన పచ్చటి నీళ్లు తేలాయి. "ఈ నీళ్లకు ఏం ఉడుకుతది బిడ్డా" అని అమ్మ కుక్కర్ పక్కన పెట్టేసింది.

అప్పటికి గీజర్ కాయిల్ ఏడాదిలో రెండోసారి మార్చి నెల కూడా కాలేదు. మెకానిక్ బయటికి లాగిన పాత కాయిల్ చుట్టూ వేలి మందాన తెల్లటి పెచ్చు. ఒక ముక్క విరిచి గిన్నెలో వేసి, నిమ్మఉప్పు కలిపిన నీళ్లు పోశాను. బుసబుసమని నురగ వచ్చింది, కాసేపటికి ముక్క మాయమైంది. పప్పును ఉడకనివ్వనిదీ, కాయిల్‌ను తినేసిందీ ఒకటే. మన ఊరి కింద ఉన్నది గ్రానైట్. వాననీరు ఆ పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుంటుంది. వేడి తగిలితే కొంత సున్నంగా విడిపోయి కాయిల్‌కు అంటుకుంటుంది. పప్పులోనైతే గింజ గోడల్లోని పెక్టిన్‌ను కాల్షియం బిగించి పట్టేస్తుంది.

ఫిల్టర్ల కంపెనీ అబ్బాయి ఒకడు డెమో ఇస్తానని వచ్చాడు. రెండు గ్లాసులు పెట్టాడు: ఒకదాంట్లో మా బోరు నీళ్లు, ఇంకోదాంట్లో తన బాటిల్ నీళ్లు. రెండింట్లో ఇనుప కడ్డీలు ముంచి కరెంటు పెట్టాడు. నిమిషంలో మా గ్లాసు తుప్పు రంగుకు తిరిగి, పైన మడ్డి కట్టింది. "మీరు వాడేది ఇదే ఆంటీ" అన్నాడు. అమ్మ భయపడిపోయింది. ఆ రాత్రి కూర్చుని చదివితే తెలిసింది, ఆ తుప్పు వాడి కడ్డీలదే. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది, ఇనుము కరిగి మడ్డి అవుతుంది. లవణాల్లేని నీళ్లలో కరెంటు సరిగా పారదు కాబట్టి ఆ గ్లాసు తేటగా ఉంటుంది. మంచి బావి నీళ్లు పెట్టినా ఇదే జరుగుతుంది. పెద్దవాళ్లను ఇలా భయపెట్టి అమ్మడం నాకు చాలా కోపం తెప్పించింది.

వాడి చేతిలోని టీడీఎస్ పెన్ను కూడా నాకు కావలసింది చెప్పదు. అది కరిగిన లవణాలన్నీ కలిపి చూపిస్తుంది. సబ్బు నురగకు, గీజర్‌కు కావలసిన లెక్క కాఠిన్యం, అంటే హార్డ్‌నెస్. దానికి చుక్కల కిట్ ఉంటుంది. నీళ్లలో రంగు కలిపితే ద్రాక్ష ఎరుపు వస్తుంది, ఆ తర్వాత చుక్కచుక్కగా మందు వేస్తూ అది నీలమయ్యేదాకా లెక్కపెట్టాలి. నా కిట్‌లో ఒక్కో చుక్కంటే లీటరుకు 25 మిల్లీగ్రాముల కాఠిన్యం. నల్లా నీళ్లు ఆరో చుక్కకే నీలమయ్యాయి, అంటే 150. బోరు నీళ్లకు వేస్తూనే ఉన్నాను, పాతికో చుక్కకు మారింది. లీటరుకు 625 మిల్లీగ్రాములు. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) కోరుకునేది 200, వేరే దారి లేకపోతే ఒప్పుకునేది 600.

దాంతో రెండు సంగతులు తేలిపోయాయి. తాగడానికి, వంటకు నల్లా నీళ్లే, వాటికి యూవీ ఫిల్టర్ చాలు. ఆర్వో పెట్టి సగానికి పైగా నీళ్లు పారబోయడం ఎందుకు? స్నానానికి, వాషింగ్ మెషిన్‌కు, గిన్నెలకు బోరు నీళ్లే కాబట్టి వాటికి సాఫ్ట్‌నర్ కావాలి. అందులోని రెసిన్ పూసలు కాల్షియం, మెగ్నీషియం తీసుకుని సోడియం వదులుతాయి. పూసలు నిండాక దొడ్డుప్పు నీళ్లతో కడిగితే మళ్లీ పనిచేస్తాయి.

మా సొంతూరు నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్‌తో వంగిపోయిన కాళ్లను చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి ముందు అడిగింది అదే. సాఫ్ట్‌నర్ ఫ్లోరైడ్‌ను తీయదు. పైగా మా నీళ్లకైతే లీటరుకు దాదాపు 290 మిల్లీగ్రాముల సోడియం చేరుస్తుంది. అమ్మకు బీపీ. అందుకే ఆ పైపు వంటింట్లో గిన్నెలు తోమే సింకు దాకే.

లెక్క ఇలా వేశాను. లీటరు రెసిన్ సుమారు 50 గ్రాముల కాఠిన్యం పట్టుకుంటుంది. పాతిక లీటర్ల రెసిన్ అంటే 1250 గ్రాములు, అంటే మా బోరు నీళ్లు 2000 లీటర్లు. రోజుకు 400 వాడతాం, అయిదు రోజులకోసారి కడగాలి. ఒక్కో కడుగుకు నాలుగు కిలోల ఉప్పు, నెలకు పాతిక కిలోల బస్తా. అమ్మేవాళ్లెవరూ ఈ బస్తా మాట ముందు చెప్పరు.

ప్లంబరన్న మొదట డాబా ట్యాంకు కింద బిగిద్దామన్నాడు. అక్కడ ఒత్తిడి చాలదు. సంపు మోటారుకూ ట్యాంకుకూ మధ్య పెట్టించి, వాల్వు తిప్పి గంటకు వెయ్యి లీటర్లకు మించకుండా చూశాం. ముందు ఇసుక ఫిల్టర్. పైన రెండు ట్యాంకులు, రెండోదాంట్లోకి మామూలు బోరు నీళ్లు. అవి ఫ్లష్‌లకు, మొక్కలకు. సోడియం నీళ్లు రోజూ పోస్తే తులసి దెబ్బతింటుంది.

మొదటిసారి ఉప్పుతో కడిగాక సరిగా జాడించలేదు. మర్నాడు స్నానం చేసినవాళ్లంతా నీళ్లు ఉప్పగా ఉన్నాయన్నారు. ట్యాంకు ఖాళీ చేసి, నాలుకకు ఉప్పు తగలనంతవరకు నీళ్లు డ్రైనేజీలోకి వదిలాను. ఆ తర్వాత చుక్కలు వేసి చూస్తే మొదటి చుక్కకే నీలం! వంటింట్లోకి పరుగెత్తి అమ్మకు చూపించాను.

టీడీఎస్ పెన్ను పెడితే మాత్రం పాత అంకే వచ్చింది. మా ఆయన మోసపోయామేమో అన్నారు. కాల్షియం పోయిన చోట సోడియం కూర్చుంది, మొత్తం తగ్గదు. సబ్బు చేతికిచ్చి రుద్దుకోమన్నాను. అరచేతుల నిండా నురగ. వాషింగ్ పౌడర్ సగానికి తగ్గించాం. గీజర్ ఇంకా విప్పి చూడలేదు.

ఏప్రిల్‌లో బోరు మట్టం దిగినప్పుడు మళ్లీ చుక్కలు వేశాను. ఇరవై తొమ్మిది. కేలండర్‌లో కడిగే రోజులు అయిదుకు బదులు నాలుగుకోసారి గుర్తు పెట్టుకున్నాను.