గొంతు లేని కీబోర్డు

మా ఇంట్లో ఒక కీబోర్డు ఉంది. 49 కీలు, నల్లగా నిగనిగలాడుతుంటుంది. దాన్ని మా అమ్మ ఇప్పటికీ ‘మూగది’ అనే పిలుస్తుంది.

తిరుపతిలో పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో తిరిగేవాళ్ళకు కీలుంటే చాలు, అది కీబోర్డే. నేనూ అట్లే అనుకున్నా. సెకండ్ హ్యాండులో చవగ్గా వస్తోందని ఒకాయన దగ్గర కొన్నా. ‘అసలైన సింథసైజర్ తమ్ముడూ’ అన్నాడు. కనీసం ఒక కీ నొక్కి చూపించమని అడగలేదు, అదీ నా తెలివి.

మే నెల, గంగ జాతర. ఒక వీధి స్టేజీ మీద ప్రోగ్రాం. ఫోన్ ఛార్జరు పెడితే లైట్లు వెలిగినాయి. వెనక చూస్తే మైక్ సెట్టు వైరు దూర్చడానికి రంధ్రమే లేదు. ఒక యుఎస్‌బి, ఐదు పిన్నుల గుండ్రటి సాకెట్టు ఒకటి. అంతే. జాతర మొక్కుకు బండ వేషం కట్టిన పిల్లోడొకడు స్టేజీ ముందే నిలబడి, నేను ఊరికే కీలు నొక్కుతుంటే నోరు తెరుచుకుని చూస్తున్నాడు. జాతరలో బూతులు తిట్టడం ఆచారం. ఆ రాత్రి ప్యాడ్ వాయించే అన్న నన్ను తిట్టింది మాత్రం ఆచారం కోసం కాదు.

తర్వాత తెలిసింది, అది మిడి కంట్రోలర్ అని. దాంట్లో శబ్దమే ఉండదు. ఆ గుండ్రటి సాకెట్టు మిడిది. 1983లో వేర్వేరు కంపెనీల వాయిద్యాలు ఒకదాని మాట ఒకటి వినడానికి పెట్టుకున్న ఏర్పాటు అది. అందులో పోయేది పాట కాదు, హోటల్లో సర్వరు వంటింట్లోకి పంపే చీటీ లాంటిది. ‘60వ నంబరు స్వరం, 90 బలంతో నొక్కినారు, ఇప్పుడు వదిలేసినారు’ అని మాత్రం రాసి ఉంటుంది. బలం 127కి మించదు. చీటీని నమిలితే ఇడ్లీ రుచి వస్తుందా? వండేవాడు వేరే ఉండాలి. ఆ వండేదే సింథసైజర్. పెళ్ళిళ్ళలో మేము వాడేది అరేంజర్ కీబోర్డు. తాళం, బేసు, కార్డ్స్ (కలిపి మోగే స్వరాలు) అన్నీ ముందే వండి పెట్టుంటాయి, మనం వడ్డిస్తాం.

ఇప్పుడు ఆ మూగదాన్ని ఫోనులో ఒక సింథ్ యాప్‌కు తగిలించినా. ఆసిలేటర్ అంటే పచ్చి శబ్దం పుట్టించేది. రంపపు పళ్ళ ఆకారం తరంగం పెడితే అచ్చం కందిరీగే. దాన్ని ఫిల్టర్ చెక్కుతుంది. జాతర రోజు వీధిలో స్పీకర్లు మోగుతుంటే ఇంట్లోకొచ్చి తలుపు వేసుకోండి. పాట మాటలు పోయి డుబ్ డుబ్ మిగులుతుంది కదా, లో-పాస్ ఫిల్టర్ చేసేది అదే. కటాఫ్ గుబ్బ తిప్పడమంటే ఆ తలుపును కొంచెం కొంచెంగా మూయడం, తెరవడం.

నాకు బాగా నచ్చింది ఎన్వలప్, అంటే శబ్దం ఎట్లా పుట్టాలో, ఎంతసేపు నిలవాలో, ఎట్లా పోవాలో చెప్పేది. అటాక్, డికే, సస్టెయిన్, రిలీజ్ అని నాలుగు గుబ్బలు. ఎన్ని వీడియోలు చూసినా బుర్రకెక్కలేదు. ఒకరోజు గోవిందరాజస్వామి గుడి దగ్గర నిలబడుంటే తట్టింది. గంట కొట్టగానే ఠంగుమంటుంది, అంటే అటాక్ దాదాపు సున్నా. ఆ తర్వాత నెమ్మదిగా సన్నబడిపోతుంది, అది పొడుగాటి డికే. పట్టి నిలిపేదేమీ లేదు కాబట్టి సస్టెయిన్ సున్నా. నాదస్వరం వేరు. ఊదినంతసేపూ నిలుస్తుంది, ఊపిరి ఆపితే టక్కున ఆగుతుంది. అంటే సస్టెయిన్ నిండుగా, రిలీజ్ పొట్టిగా. ఇంటికొచ్చి అదే ఆసిలేటర్ మీద ఈ నాలుగూ మార్చి చూసినా. గంట, నాదస్వరం పూర్తిగా రాలేదు గానీ, ఏది ఏదో అమ్మ గుర్తుపట్టింది.

ఎల్ఎఫ్ఓ గురించి ఒక్క మాట చాలు. అదీ ఒక ఆసిలేటరే, కానీ చెవికి అందనంత నిదానంగా ఊగుతూ స్వరాన్నో, ఫిల్టర్‌నో ఊపేది. ఎక్కువ పెడితే పాట చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది.

ఇప్పుడు నా గొడవంతా పిచ్ బెండ్ చక్రంతోనే, నొక్కిన స్వరాన్ని పైకీ కిందికీ జరిపేది. మామూలుగా అది అటు రెండు, ఇటు రెండు అర్ధస్వరాలే జరుగుతుంది. షడ్జం నుంచి పంచమానికి జారాలంటే (పాటలో దాన్నే ‘జారు’ అంటారు) ఏడు కావాలి. అందుకని 12కి పెట్టినా. బొటనవేలు వెంట్రుకవాసి కదిలితే చాలు, శృతి ఎక్కడికో పోతుంది. మా వీధిలో ఐదు శృతిలో పాడే అక్క ఒకామె ఉంది, సంగీతం కాలేజీలో చదువుకుంది. నిన్న పిలిచి వినిపించినా. కాసేపు ఓపిగ్గా విని అన్నది: “ఇది జారు కాదురా, జారుడుబండ.”