సైబర్ ఆయుధాలు, డ్రోన్లు: ఈ టాపిక్‌ని నేనెలా చదివానంటే

హైదరాబాద్‌లో పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో ఏ జిరాక్స్ షాపులో అడిగినా ఈ టాపిక్ మీద స్పైరల్ బైండింగ్ మెటీరియల్ ఒకటి తీసిస్తారు. తేదీలు, పేర్లు, సంఘటనలు, వరసగా ఓ పాతిక పేజీలు. అది బట్టీ పట్టి గ్రూప్-1 జనరల్ ఎస్సేలో గానీ, సైన్స్ అండ్ టెక్నాలజీ పేపర్లో గానీ, యూపీఎస్సీ జనరల్ స్టడీస్ మూడో పేపర్ (జీఎస్-3)లో గానీ కక్కితే అందరి పేపరూ ఒకేలా ఉంటుంది, దిద్దేవాళ్లకి విసుగు. అందుకే నేను సంఘటనలు తగ్గించేశాను. ఉంచుకున్న ప్రతిదాన్నీ మూడే ప్రశ్నలు అడిగాను: ఎవరు కొట్టారో తేలిందా, కొట్టడానికి ఎంతైంది ఆపడానికి ఎంతైంది, దెబ్బ అనుకున్న చోటే ఆగిందా. సైబర్ ఆయుధాలనీ డ్రోన్లనీ ఒకే ప్రశ్నలో ఎందుకు కలిపి అడుగుతారో ఈ మూడింటితోనే నాకు అర్థమైంది.

స్టక్స్‌నెట్ అనే మాల్‌వేర్ (కంప్యూటర్లలో దూరి పాడుచేసే ప్రోగ్రామ్)తో మొదలుపెట్టండి, దీని మీద ఒక పూట పెట్టినా నష్టం లేదు. 2010లో బయటపడింది. ఇరాన్‌లోని నతాంజ్‌లో యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్‌లని నడిపే సీమెన్స్ కంట్రోలర్లు దాని టార్గెట్. ఆ ప్లాంట్‌కి ఇంటర్నెట్ కనెక్షనే లేదు, పెన్‌డ్రైవ్‌ల ద్వారా లోపలికి దూరిందని నిపుణుల మాట. మామూలుగా సెకనుకి 1,064 సార్లు తిరిగే రోటర్‌ని కాసేపు 1,410కి లేపి, ఇంకోసారి 2కి దించి, మళ్లీ ఏమీ ఎరగనట్టు మామూలు వేగానికి తెచ్చేది. అసలు తెలివి ఎక్కడుందంటే, అంతకుముందు బాగా నడిచినప్పటి రీడింగులని రికార్డు చేసి పెట్టుకుని ఆపరేటర్ స్క్రీన్ మీద అవే చూపించేది, పక్క హాల్లో మిషన్లు పాడవుతుంటే కుర్చీలో కూర్చున్నాయనకి అంతా సవ్యంగా కనిపించేది. సుమారు వెయ్యి సెంట్రిఫ్యూజ్‌లు పోయాయని అంచనా. అమెరికా, ఇజ్రాయెల్ పని అని అందరూ అంటారు, అధికారికంగా ఒప్పుకున్నవాళ్లు లేరు. మూడో ప్రశ్నకి జవాబు మాత్రం మెటీరియల్లో దొరకదు: అది నతాంజ్‌తో ఆగలేదు, ఇరాన్, ఇండోనేషియా తర్వాత ఎక్కువ కంప్యూటర్లకి సోకింది మన దేశంలోనే. ఈ ఒక్క లైను రాస్తే చాలు, మీ పేపర్ మిగతావాటిలోంచి బయటికి కనిపిస్తుంది.

అదే దారిలో 2017. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ దగ్గరున్న కంప్యూటర్లలోకి చొరబడే ఎటర్నల్‌బ్లూ అనే టూల్ లీకై, మే నెలలో ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై రూపంలో ప్రపంచం మీద పడింది, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా దానికి చిక్కాయి. ఎక్కడి ఆయుధం, ఎక్కడి స్టేషన్! జూన్‌లో నాట్‌పెట్యా అనే ఇంకో మాల్‌వేర్: ఉక్రెయిన్‌లో ట్యాక్స్ లెక్కల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దూరి, అక్కణ్ణించి షిప్పింగ్ కంపెనీ మెర్స్క్‌ దాకా పాకింది. నష్టం 1,000 కోట్ల డాలర్లు అని అమెరికా అంచనా. రష్యా సైన్యమే చేసిందని అమెరికా, బ్రిటన్ బహిరంగంగా చెప్పేసరికి 2018 ఫిబ్రవరి వచ్చింది, రష్యా కాదంది. దాడి గంటల్లో, నింద నెలల తర్వాత, రుజువు ఎప్పటికో.

డ్రోన్ల దగ్గర రెండో ప్రశ్న ముఖ్యం. ఇరాన్ డిజైన్ చేసిన ఆత్మాహుతి డ్రోన్ షాహెద్-136 ఒక్కోటి 20 వేల నుంచి 50 వేల డాలర్లు ఉంటుందని అంచనాలు, దాన్ని అమెరికా ఎయిర్ డిఫెన్స్ వ్యవస్థ పేట్రియాట్‌తో కూల్చాలంటే ఒక్క క్షిపణికే దాదాపు 40 లక్షల డాలర్లు. దోమని కొట్టడానికి ఫిరంగి పేల్చినట్టు. కూల్చినా డిఫెన్స్ చేసినవాడే అప్పులపాలవుతాడు. 2025 జూన్ 1న ఉక్రెయిన్ 117 డ్రోన్లని లారీల మీద చెక్క గదుల్లో దాచి, రష్యా లోపలి ఎయిర్‌బేస్‌ల దగ్గరికి తీసుకెళ్లి వదిలింది. ఎన్ని విమానాలు పోయాయన్న దగ్గర ఎవరి లెక్క వాళ్లది, ఆ నంబర్ రాయకండి.

మన దగ్గర 2021 జూన్ 27న జమ్ము ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ మీద డ్రోన్ దాడి జరిగింది, ఆగస్టుకల్లా డ్రోన్ రూల్స్ 2021 వచ్చాయి. 2025 మే 8 రాత్రి పాకిస్తాన్ 36 చోట్లకి 300 నుంచి 400 డ్రోన్లు పంపిందని మన సైన్యం చెప్పింది. ఉద్దేశం పేల్చడం ఒక్కటే కాదు, మన ఎయిర్ డిఫెన్స్ ఎక్కడెక్కడ ఉందో తడిమి చూడటం కూడా. దానికి ముందు రోజు సాయంత్రం హైదరాబాద్‌లో సైరన్ మోగించి మాక్ డ్రిల్ చేశారు, గుర్తుందా? డీఆర్‌డీఓ ల్యాబ్‌లుండే కంచన్‌బాగ్, అణు ఇంధనం తయారుచేసే మౌలాలి ఎన్‌ఎఫ్‌సీ కూడా అందులో ఉన్నాయి. ఆ రోజు చిక్కడపల్లి లైబ్రరీలో పుస్తకం మూసి అందరూ ఫోన్లు పట్టుకున్నారు, మా రూమ్మేట్ వాళ్లమ్మ అయితే ఊరి నుంచి ఫోన్ చేసి ‘వచ్చెయ్ బిడ్డా, చదువు తర్వాత’ అని ఒకటే టెన్షన్. ఆ రెండు పేర్లూ లిస్టులో ఎందుకున్నాయో ఆలోచిస్తే, ఎస్సేలో క్రిటికల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ (దేశానికి కీలకమైన వ్యవస్థలు) పేరాకి ఉదాహరణ మన ఊళ్లోనే ఉంది. ఖర్చు లెక్కకి మన జవాబు కూడా ఇక్కడిదే: హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ల్యాబ్ చెస్ తయారుచేసిన లేజర్ ఆయుధం మార్క్-2(ఎ)ని 2025 ఏప్రిల్ 13న కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర డ్రోన్ల మీద పరీక్షించారు. క్షిపణితో పోలిస్తే ఒక్కో షాట్‌కి అయ్యే ఖర్చు చాలా తక్కువ.

సంస్థల గురించి ఎక్కువ టైం పెట్టొద్దు. సైబర్ దాడులప్పుడు స్పందించే సెర్ట్-ఇన్ 2004, ఐటీ చట్టం 70ఎ కింద కీలక వ్యవస్థల కంప్యూటర్లని కాపాడే ఎన్‌సీఐఐపీసీ 2014, త్రివిధ దళాలకి కలిపి డిఫెన్స్ సైబర్ ఏజెన్సీ, అంతే. ఒక్క జాగ్రత్త: 2019లో తమిళనాడులోని కూడంకుళం అణు రియాక్టర్ హ్యాక్ అయిందని చాలామంది రాస్తారు. మాల్‌వేర్ దొరికింది ఆఫీసు పనుల నెట్‌వర్క్‌లో, రియాక్టర్ కంట్రోల్ సిస్టమ్‌లో కాదు. ఇలాంటి చోట మార్కులు పోతాయి.

ఎథిక్స్ కోణానికి ఒక్క కేసు చాలు. 2021 ఆగస్టు 29న కాబూల్‌లో అమెరికా డ్రోన్ దాడిలో పదిమంది పౌరులు చనిపోయారు, అందులో ఏడుగురు పిల్లలు. పొరపాటని సెప్టెంబర్‌లో ఒప్పుకున్నారు, ఎవరికీ శిక్ష ఉండదని డిసెంబర్‌లో చెప్పేశారు. బటన్ నొక్కే మనిషి ఉన్నప్పుడే ఇలా ఉంటే, టార్గెట్‌ని మిషనే ఎంచుకుంటే ఎవరిని నిలదీస్తాం? ఇక్కడ ఇంకో తప్పు కూడా చూశాను, భారత్ ఇలాంటి ఆయుధాల నిషేధానికి మద్దతిస్తోందని రాసేస్తున్నారు. 2023 డిసెంబర్‌లో అటానమస్ ఆయుధాల మీద ఐరాస జనరల్ అసెంబ్లీ తీర్మానానికి వ్యతిరేకంగా ఓటేసిన నాలుగు దేశాల్లో మనమూ ఉన్నాం. ఈ చర్చకి కొన్ని రకాల సంప్రదాయ ఆయుధాల ఒప్పందం (సీసీడబ్ల్యూ) కింద జెనీవాలో జరిగే వేదికే సరైనదని మన వాదన. నాకైతే ఆ వాదనలో సగమే నచ్చుతుంది, ఎందుకంటే అక్కడ ఏకాభిప్రాయం కావాలి, ఒక్క దేశం అడ్డుపడినా ఆగిపోతుంది. మీకు వేరే అభిప్రాయం ఉంటే అదే రాయండి, కానీ ఓటు సంగతి దాచకుండా రాయండి.

ప్రాక్టీస్‌కి ఈ ప్రశ్న తీసుకోండి: ‘చవక ఆయుధాలు చిన్న దేశాలకి బలమా, అందరికీ ప్రమాదమా?’ గంట టైం పెట్టుకుని, మెటీరియల్ తెరవకుండా, పైన చెప్పినవాటిలో నాలుగు ఉదాహరణలకి మించకుండా రాసి, మీ పక్క సీటు వాళ్లతో దిద్దించుకోండి.