గుమ్మం దగ్గర డ్యూటీ

గుంటూరులో మాది లూథరన్ సంఘం. కిందటేడు క్రిస్మస్ దగ్గరపడుతుంటే పాస్టర్ గారు యూత్‌ని పిలిచి పనులు పంచారు. గొంతున్నవాళ్లు క్వయిర్‌లోకి, నిచ్చెనెక్కగలవాళ్లు స్టార్ కట్టడానికి పోయారు. రెండూ రాని నాతో, "నువ్వు గుమ్మం దగ్గరుండు నాన్నా, వచ్చినవాళ్లని కూర్చోబెట్టు" అన్నారు.

పని నేర్పింది సంఘపెద్దల్లో ఒకాయన. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు, అందరం బాబాయ్ గారంటాం. పండగ బస్సులో జనాన్ని ముందుకి జరపడం కన్నా చర్చిలో ముందు బెంచీలు నింపడమే కష్టమంటారాయన. అందుకే ముందు వరసలు నిండేదాకా వెనక బెంచీలకు తాడు కట్టేస్తారు. ఆలస్యంగా వచ్చినవాళ్లని ప్రార్థనలోనో వాక్యం చదివేటప్పుడో లోపలికి పంపకూడదు. వరండాలోనే ఆపి, కీర్తన ఎత్తుకోగానే అందర్నీ ఒక్కసారే వదలాలి. "వందనాలు చెప్పు, దారి చూపించు, అక్కడితో వదిలెయ్. కుశల ప్రశ్నలు పెట్టుకున్నావో, వెనకాల లైను ఆగిపోద్ది" అనేవారు. చెప్పులు కూడా నా ఖాతాలోనే. మెట్ల మీద విడిచేస్తే చేతికర్ర పట్టుకొచ్చే పెద్దవాళ్లు ఎక్కలేరు. అందుకని ఒక పక్కకి నెట్టుకుంటూ ఉండాలి.

అన్నిటికన్నా తలనొప్పి సొంత బెంచీల వాళ్లు. ఇక్కడ లూథరన్ మిషన్ మొదలుపెట్టిన ఫాదర్ హేయర్ గుంటూరు వచ్చింది 1842 జూలై 31న. ఆ బెంచీని ఆయనే వీళ్ల ముత్తాత పేరున రాసిచ్చినట్టు మాట్లాడే కుటుంబాలు రెండున్నాయి మాకు. ఎవరైనా తెలియక అక్కడ కూర్చుంటే పక్కన నిలబడి దగ్గుతారు. ఆ దగ్గుకి ఎవర్నీ లేపొద్దని బాబాయ్ గారు ముందే చెప్పారు.

సంస్కారం, అంటే ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ఆదివారం మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. బలిపీఠం ముందు ఒక విడతకి ఎంతమంది మోకరించగలరో అంతమందినే లేపాలి. వెళ్లడం నడవలోంచి, తిరిగి రావడం గోడవారగా. మోకాళ్ల నొప్పులవాళ్లు ఎక్కడ కూర్చున్నారో ముందే పాస్టర్ గారి చెవిన వేస్తే, ఆయనే రొట్టె, ద్రాక్షారసం తీసుకుని బెంచీ దగ్గరికి వస్తారు. కన్ఫర్మేషన్ కాని పిల్లలు, అంటే సంస్కారం తీసుకునే వంతు ఇంకా రానివాళ్లు, అమ్మల వెనక లేచి బయల్దేరతారు. వాళ్లని నవ్వుతూనే కూర్చోబెట్టాలి.

ఒక ఆదివారం బొట్టు పెట్టుకున్నావిడ ఒకామె, జ్వరంతో ఉన్న బాబుని భుజాన వేసుకుని వచ్చింది. "లోపలికి రావచ్చా అన్నా?" అని గుమ్మం అవతలే ఆగింది. "రండమ్మా" అని ఆడవాళ్ల వైపు తీసుకెళ్లాను. ఎవరి పక్కన కూర్చోబెట్టాలన్నది ఆ నాలుగడుగుల్లోనే తేల్చుకోవాలి. ఊరు, ఇంటిపేరు ఆరా తీసే అత్తయ్యల్ని దాటించి, నోరు మెదపకుండా కీర్తనల పుస్తకం తెరిచి చేతికిచ్చే టీచరమ్మ పక్కన చోటు చూపించాను. ఆరాధన అయ్యాక పాస్టర్ గారు బాబు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు.

అంతా బాగానే ఉంది గానీ, ప్రకటనలప్పుడు "కొత్తగా వచ్చినవాళ్లు దయచేసి లేచి నిలబడండి" అన్నారు. ఆవిడ నిలబడింది. చర్చంతా వెనక్కి తిరిగి చూసింది. ఆవిడ బాబుని ఇటు భుజం నుంచి అటు భుజానికి మార్చుకుని తల వంచేసుకుంది. చప్పట్లు కొట్టాం కూడా. ఆదరించడమంటే ఇదేనని మనవాళ్ల నమ్మకం. నాకైతే అది బడిలో బెంచీ ఎక్కించినట్టే అనిపించింది.

ఆ వారంలోనే బాబాయ్ గారిని వెంటబెట్టుకుని పాస్టర్ గారి దగ్గరికెళ్లాను. "ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి కదా" అని ఆయన కాసేపు ఆలోచించారు. కమిటీలో ఒకరిద్దరు గొణిగారు. చివరికి గుమ్మం దగ్గర చిన్న చీటీలు, పెన్ను పెట్టడానికి ఒప్పుకున్నారు. పేరు, ఫోన్ నంబరు, ప్రార్థన మనవి ఉంటే అది రాసి కానుక సంచిలో వేస్తే చాలు. ఇప్పుడు కొందరు రాస్తారు. కొందరు ఖాళీ చీటీ చేతిలో పెట్టుకునే వెళ్లిపోతారు, వాళ్లని నేను ఆపను.